ఎండు అంజీరు: చిత్తూరు వంటింటి జోడీలు

రాత్రి రెండు అంజీర్లు నీళ్ళలో నానేయడం, తెల్లారి పరగడుపున నమిలి ఆ నీళ్ళు తాగేయడం. మన ఇళ్ళలో ఎండు అంజీరుకు చాలావరకు మందుబిళ్ళ బతుకే. పొయ్యి దాకా వచ్చే యోగం దానికి అరుదు. తిరుపతి, చిత్తూరు వైపు చూస్తే ఇది మరీ అన్యాయం. చెనక్కాయ, రాగి, బెల్లం, టమాటా, మామిడి పండే నేల ఇది. అంజీరుకు ఏం కలిస్తే రుచో అవన్నీ ఇక్కడి పొలాల్లోనే ఉన్నాయి. ఆ జోడీల సంగతులు, వాటి వెంట వచ్చే వింతలు కొన్ని చదవండి.

లడ్డూలో కిస్‌మిస్ ఉంది, అంజీరు లేదు

తిరుమల లడ్డూకు ఏ సరుకు ఎంత వెయ్యాలో చెప్పే లెక్కను 'దిట్టం' అంటారు. 5,100 లడ్డూలకు ఆవు నెయ్యి 165 కిలోలు, శనగపిండి 180, చక్కెర 400, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4. మొత్తం 803 కిలోలు. ఎండు పండ్లలో ఎండుద్రాక్షకు తప్ప వేరేదానికి అందులో చోటు లేదు. 2009లో ఈ లడ్డూకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాబట్టి ఇంట్లో అంజీరు వేసి ఎంత బాగా చేసినా దాన్ని తిరుపతి లడ్డూ అని అమ్మడానికి వీల్లేదు, తినడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

స్వామివారికి ఎండు పండ్లు కొత్తేమీ కాదు. బ్రహ్మోత్సవాల్లో రంగనాయకుల మండపంలో స్నపన తిరుమంజనం జరిగేటప్పుడు ఉత్సవమూర్తులకు పూలతో పాటు యాలకులు, వట్టివేరు, ఎండు పండ్లతో కట్టిన మాలలు కూడా అలంకరిస్తారు.

మర్రి, మేడి, రావి.. అంజీరు కూడా

ఊరి చివర మర్రి, వాగు ఒడ్డున మేడి, గుడి ముందు రావి. ఈ మూడూ, అంజీరూ శాస్త్రవేత్తల లెక్కలో ఒకే ప్రజాతి, 'ఫైకస్'. ఇందులో ప్రపంచమంతటా 750కి పైగా జాతులున్నాయి. మర్రి, మేడి, రావి మూడింటి పేర్లూ విష్ణు సహస్రనామంలో స్వామి నామాలుగా ఉన్నాయి. అంజీరు పరదేశి అనుకునేవాళ్ళు దాని చుట్టాలను ఏడుకొండల వాడి పేర్లలోనే చూసుకోవచ్చు.

తమిళనాడు సరిహద్దు ఊళ్ళలో మేడిని 'అత్తి' అనే పిలుస్తారు. తమిళుల ఇళ్ళలో పచ్చి అత్తికాయలు కూరకొస్తాయి. మన వైపు పండిన మేడిని ఎక్కువగా పక్షులకే వదిలేశాం.

నీళ్ళలో నలభై ఏళ్ళు

కాంచీపురం వరదరాజ పెరుమాళ్ గుడి కోనేట్లో అత్తి చెక్కతో చేసిన స్వామి విగ్రహం ఉంటుంది. అత్తి వరదర్ అంటారు. నలభై ఏళ్ళకోసారి బయటికి తెచ్చి పూజిస్తారు. 1979 తర్వాత 2019 జులై 1 నుంచి 48 రోజుల పాటు దర్శనం ఇచ్చారు. అప్పుడు చిత్తూరు జిల్లా నుంచి కంచికి బస్సులు కట్టుకుని పోయినవాళ్ళు ఎందరో. లెక్క ప్రకారం మళ్ళీ 2059లోనే.

మనం తినేది పూలగుత్తి

అంజీరు చెట్టుకు పూలు కనబడవు. కారణం, పూలన్నీ కాయ లోపలే ఉంటాయి. బయటి తోలు ఒక సంచి, దాని లోపలి గోడకు వందల కొద్దీ చిన్న పూలు. ఎండు అంజీరు కొరికితే పంటికింద పటపటలాడే గింజల్లాంటివే అసలు పండ్లు. అంటే ఒక్క అంజీరు తింటే వందల పండ్లు తిన్నట్టే!

మేడిపండు పురుగుల అసలు కథ

పైకి మేలిమిగా ఉండి పొట్టలో పురుగులుంటాయని వేమన పద్యం పుణ్యమా అని మేడిపండుకు శాశ్వతంగా చెడ్డపేరు వచ్చింది. ఆ పురుగుల్లో చాలావరకు మేడినే నమ్ముకుని బతికే చిన్న కందిరీగలు. అవి లోపలికి దూరి పుప్పొడి చేరవేయకపోతే మేడికి గింజ కట్టదు, గింజ లేకపోతే కొత్త చెట్టు రాదు. పిరికివాళ్ళని పోల్చడానికి వాడిన ఆ పురుగే ఆ చెట్టు వంశాన్ని నిలబెడుతోంది.

మరి బజారులో కొనే అంజీరులోనూ పురుగుంటుందా? పుణె అంజీరు లాంటి రకాలకు పరాగసంపర్కమే అక్కర్లేదు, కందిరీగ లేకుండానే కాస్తాయి. టర్కీలోని స్మిర్నా రకానికి మాత్రం కందిరీగ తప్పనిసరి. ఈ సంగతి తెలియక 1880ల్లో కాలిఫోర్నియా రైతులు స్మిర్నా మొక్కలు నాటారు. చెట్లు ఏపుగా పెరిగాయి, కాయలు మాత్రం పిందెలోనే రాలిపోయాయి. 1899లో అల్జీరియా నుంచి కందిరీగలను తెప్పించాకే ఫ్రెస్నో తోటల్లో పంట నిలబడింది. కాలిఫోర్నియా, స్మిర్నా కలిపి ఆ అంజీరుకు 'కాలిమిర్నా' అని పేరు పెట్టారు.

పదకొండు వేల ఏళ్ళ నాటి రుచి

జోర్డాన్ లోయలో జెరికో దగ్గరున్న గిల్గాల్ అనే చోట తవ్వకాల్లో మాడి బొగ్గయిన తొమ్మిది అంజీర్లు దొరికాయి. వాటి వయసు 11,400 ఏళ్ళని, మనిషి సాగు చేసిన తొలి పంటల్లో అంజీరు ఒకటై ఉండవచ్చని 2006లో పరిశోధకులు ప్రకటించారు.

చెట్టు మీదే సగం ఎండుతుంది

ఎండబెట్టే అంజీరును పచ్చిగా కోయరు. చెట్టుమీదే వడిలి, దానంతట అది నేల రాలేదాకా ఆగుతారు. తర్వాత కొన్నాళ్ళు ఎండలో పెడతారు. తాజా పండులో దాదాపు 80 శాతం నీరే. ఎండాక 30 శాతం మిగులుతుంది. ఒక కిలో ఎండు అంజీరుకు మూడు కిలోలకు పైగా పండు కావాలి. ధర చూసి గుండె ఝల్లుమన్నప్పుడు ఈ లెక్క గుర్తు చేసుకోవాలి.

మధ్యలో చిల్లు పెట్టి, తాడుకు గుచ్చి దండల్లా అమ్మే అంజీర్లు ఎక్కువగా అఫ్ఘానిస్తాన్ సరుకు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పండించేది టర్కీ. మన దేశంలో పుణె దగ్గర పురందర్ అంజీరుకు 2016లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తోటల విషయంలో కర్ణాటకలో బళ్ళారి, మన రాష్ట్రంలో అనంతపురం పేరున్నవి. అంటే రాయలసీమ ఎండ అంజీరుకు కొత్త కాదు.

తెల్లపొడి: చక్కెరా, బూజా?

ఎండు అంజీరు మీద పిండి చల్లినట్టుండే తెలుపు చాలాసార్లు చక్కెరే. లోపలి తీపి పైకి ఊరి, గట్టిపడి అలా కనిపిస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో వేస్తే కరిగిపోతుంది. దూదిలా నూగు తేలినా, పచ్చగా నల్లగా మచ్చలున్నా, ముక్కవాసన కొట్టినా బూజని అర్థం, కడిగి వాడుకోవద్దు. బూజు పట్టిన అంజీరులో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరవచ్చు. చెనక్కాయల విషయంలో రాయలసీమ రైతును భయపెట్టేదీ ఆ విషమే. టర్కీ ఫ్యాక్టరీల్లో అంజీర్లను చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద పరిచి, ఆకుపచ్చ పసుపు కలిసిన వెలుగుతో మెరిసేవాటిని ఏరి పారేస్తారు.

ఇంట్లో ఆ దీపం లేదు గనక ప్రతి అంజీరునూ రెండుగా విప్పి, లోపల చూసి వాడుకోవడం మంచిది.

జోడీ కట్టే సూత్రం ఒక్కటే

ఎండు అంజీరులో దాదాపు సగం బరువు చక్కెర. పులుపు బాగా తక్కువ. అందుకే దానికి మరో తీపి తోడు చేస్తే మొహం మొత్తుతుంది. కావలసింది నాలుగు రకాల తోడు: పులుపు (చింతపండు, నిమ్మ, టమాటా), కారం లేదా ఘాటు (మిరియాలు, శొంఠి, ఎండుమిర్చి), చిటికెడు ఉప్పు, కొవ్వున్న గింజలు (చెనక్కాయలు, నువ్వులు, జీడిపప్పు). వాసన కోసం సోపు, యాలకులు. పాశ్చాత్యులు అంజీరు పక్కన ఉప్పటి జున్ను పెట్టుకునేది ఈ లెక్కతోనే. మనకు వేయించిన చెనక్కాయలో ఉప్పు కలిపితే ఆ పని జరిగిపోతుంది.

చెనక్కాయ: మొదటి జోడీ

తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన వేరుశనగ రకాల్లో నారాయణి, కాళహస్తి, ధరణి అనే పేర్లున్నాయి. దేవత పేరు, క్షేత్రం పేరు, భూమి పేరు! వాటితో అంజీరు ఉండలు చేసే పద్ధతి ఇది. ఒక కప్పు చెనక్కాయ విత్తనాలు దోరగా వేయించి, పొట్టు తీసి బరకగా దంచాలి. పది పన్నెండు అంజీర్లను సన్నగా తరిగి, ఒక చెంచా నెయ్యిలో రెండు నిమిషాలు వెచ్చచేస్తే మెత్తబడతాయి. వేయించిన నువ్వులు రెండు చెంచాలు, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు చేర్చి, వేడి మీదే ఉండలు కట్టాలి. బెల్లంపాకం అక్కర్లేదు, అంజీరు జిగురే పట్టుకుంటుంది.

గుర్తుపెట్టుకోవలసింది ఒకటే: ఉండలకు అంజీరు నానబెట్టకూడదు. నీటి తడి తగిలితే రెండు మూడు రోజుల్లోనే బూజు వస్తుంది. నానబెట్టడం పాయసానికీ, జావకూ, పులుసుకూ మాత్రమే.

రాగి ముందు అంజీరు చిన్నదే

కాల్షియం కోసం అంజీరు తినమని అందరూ చెబుతారు. వంద గ్రాముల ఎండు అంజీరులో కాల్షియం 160 మిల్లీగ్రాములు. అంతే బరువు రాగుల్లో 340కి పైనే, నువ్వుల్లో సుమారు వెయ్యి. ఇనుము సంగతి ఇంకా తీసికట్టు. వంద గ్రాములకు 2 మిల్లీగ్రాములే. రోజుకు రెండు అంజీర్లతో రక్తం పడుతుందని నమ్ముకుంటే కష్టం. అంజీరుకున్న అసలు బలం పీచు, వందకు దాదాపు 10 గ్రాములు. మలబద్ధకానికి పెద్దవాళ్ళు దీన్ని పెట్టడంలో అర్థం ఉంది.

అందుకని పోటీ పెట్టకుండా రెంటినీ కలపండి. రెండు చెంచాల రాగిపిండి నీళ్ళలో ఉడికించి, దించే ముందు రెండు నానిన అంజీర్ల ముద్ద, కొంచెం శొంఠి పొడి వేస్తే పిల్లలు మారాం చేయకుండా తాగే జావ తయారు. చక్కెర వేయక్కర్లేదు. మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి పచ్చడి జోలికి మాత్రం అంజీరును తీసుకురావద్దు. ఆ జంట మధ్య మూడోవాళ్ళకు చోటు లేదు.

పాలు విరగకుండా

పచ్చి అంజీరు కాడ విరిస్తే కారే పాలలో 'ఫైసిన్' అనే ఎంజైమ్ ఉంది. దాంతో పాలు గడ్డకడతాయి. ప్రాచీన గ్రీకులు జున్ను చేయడానికి దీన్నే వాడేవారు. హోమర్ 'ఇలియడ్'లోనూ ఈ ప్రస్తావన ఉంది. ఎండు అంజీరుతో కూడా మరుగుతున్న పాలు ఒక్కోసారి విరుగుతాయి. విరుగుడు మన వంటవాళ్ళకు ఎప్పుడో తెలుసు. బెల్లం పరమాన్నానికి ఏం చేస్తామో అంతే: పాలు మరిగి చిక్కబడ్డాక దించి, గోరువెచ్చగా చల్లారాకే అంజీరు ముద్ద కలపాలి. ముద్దను ముందు నెయ్యిలో మగ్గిస్తే రుచి రెట్టింపవుతుంది.

మదనపల్లె టమాటాతో పచ్చడి

టమాటా పచ్చడిలో తీపి పండా అని నొసలు ముడవకండి. బెంగాలీల టమాటా చట్నీలో ఖర్జూరం వేయడం మామూలే. మనం కారం పెంచి చేద్దాం. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయిన రోజుల్లో కొన్న అరకిలో టమాటాలు, ఆరు ఎండుమిర్చి, నాలుగు తరిగిన అంజీర్లు, కొంచెం చింతపండు. టమాటా సగం మగ్గాక అంజీరు వేస్తే ఆ రసంలోనే మెత్తబడుతుంది. ఉప్పు వేసి కచ్చాపచ్చాగా రుబ్బి, ఆవాలు, ఇంగువ, కరివేపాకు తాలింపు పెట్టాలి. దోసెలోకి, చపాతీలోకి బాగుంటుంది.

చాట్ బండి మీద సమోసాకు వేసే తీపి చట్నీలోనూ ఖర్జూరం బదులు అంజీరు పెట్టొచ్చు. చింతపండు కోసం దూరం పోనక్కర్లేదు, పేరుమోసిన చింతపండు మార్కెట్ మన రాయలసీమలోని హిందూపురంలోనే ఉంది.

మామిడికాయల కాలంలో మరో సరదా. చిత్తూరు జిల్లా గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే తోతాపురిని మన దగ్గర బెంగళూరా అంటారు. దోరకాయను సన్నగా కోసి, ఉప్పు, కారం, అంజీరు ముక్కలు, వేయించిన చెనక్కాయలు కలిపితే పది నిమిషాల్లో సాయంత్రం పళ్ళెం ఖాళీ.

పులుసులో బెల్లం ముక్కకు బదులు

గుమ్మడికాయ దప్పళంలో, వంకాయ పులుసులో చివర చిన్న బెల్లం ముక్క వేస్తాం కదా. ఆ చోట నానబెట్టి మెదిపిన ఒకటి రెండు అంజీర్లు వేసి చూడండి. తీపితో పాటు చిక్కదనం వస్తుంది, బియ్యప్పిండి కలిపే పని తగ్గుతుంది. మొరాకోలో మాంసం కూరకు అంజీరు జోడించడం పాత పద్ధతే. మన మటన్ పులుసులోనూ చింతపండు, మిరియాలు గట్టిగా ఉంటే ఒక అంజీరు ఇమిడిపోతుంది. రెండోది వేస్తే కూర చెడుతుంది.

ఓళిగల్లో కొత్త పూర్ణం

ఉగాదికి ఓళిగలు చేసేటప్పుడు కప్పు శనగపప్పుకు ముప్పావు కప్పు బెల్లం వేసేవాళ్ళు, బెల్లం అరకప్పుకు తగ్గించి ఆరు అంజీర్ల ముద్ద కలపొచ్చు. అంజీరుతో పూర్ణం పలుచబడుతుంది గనక నెయ్యి వేసి గరిట నిలబడేదాకా దగ్గరపరచాలి. పలుచటి పూర్ణం పెడితే పెనం మీదే ఓళిగ చిరుగుతుంది.

పళని, తిరుత్తణి దారిలో

పళని పంచామృతానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరటిపండు, బెల్లం, తేనె, నెయ్యి, యాలకులు, వాటితో ఖర్జూరం, కలకండ. అందులో నీటిచుక్క పడదు. మనకు దగ్గరి సుబ్రహ్మణ్య క్షేత్రం తిరుత్తణి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పటి నుంచి ఆ ఊరు ఈ జిల్లాలోదే, 1960లో మద్రాసు రాష్ట్రానికి పోయింది. ఆడికృత్తికకు కావడి ఎత్తే ఇళ్ళలో పంచామృతం కలిపేటప్పుడు ఖర్జూరంతో పాటు తరిగిన అంజీరు వేసుకోవచ్చు. అరటిపండు మెత్తదనానికి అంజీరు గింజల పటపట మంచి జోడీ.

కాఫీలో అంజీరు!

మన ఫిల్టర్ కాఫీలో చికోరీ కలిసినట్టే ఆస్ట్రియాలో అంజీరు కలుస్తుంది. ఎండు అంజీర్లను నల్లగా వేయించి, పొడి చేసి కాఫీపొడిలో కలపడం అక్కడి పాత అలవాటు. ఆ పొడి మన దగ్గర దొరక్కపోయినా నష్టం లేదు. డికాక్షన్ గట్టిగా పడిన కాఫీ పక్కన ఒక అంజీరు పెట్టుకుని కొరుక్కుంటూ తాగండి. చేదుకు తీపి తోడై, కాఫీలో చక్కెర తగ్గించినా లోటు తెలియదు. రక్తహీనత ఉన్నవాళ్ళు మాత్రం కాఫీ, టీ పక్కన పెట్టి నిమ్మరసంతోనో, జామపండుతోనో అంజీరు తినాలి. సి విటమిన్ ఉంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఎండిన అంజీరులో ఆ విటమిన్ దాదాపు ఉండదు.

అన్ని పళ్ళేల్లోనూ ఉంది

ఏకాదశి ఉపవాసంలో పాలతో అంజీరు తింటారు. రంజాన్ ఇఫ్తార్‌లో ఖర్జూరం పక్కన అంజీరు ఉంటుంది. ఖురాన్‌లో 95వ సూరా పేరే 'అత్తీన్', అంటే అంజీరు. తెలుగు బైబిలు చదివినవాళ్ళకు అంజూరపు చెట్టు బాగా పరిచయం, ఆదాము హవ్వలు కట్టుకున్నది దాని ఆకులే. బుద్ధుడికి జ్ఞానోదయమైంది రావి కింద. ఇన్ని మతాలు ఆదరించిన చెట్ల కుటుంబం మరొకటి చెప్పడం కష్టం.

'షుగర్ ఫ్రీ' అంటే?

మిఠాయి దుకాణాల్లో అంజీరు బర్ఫీ మీద 'షుగర్ ఫ్రీ' అని రాసి ఉంటుంది. విడిగా చక్కెర వేయలేదన్నంత వరకే అది నిజం. వంద గ్రాముల ఎండు అంజీరులో సుమారు 48 గ్రాముల చక్కెర, 250 కేలరీలు ఉన్నాయి. మూడు అంజీర్లు తింటే రెండు మూడు చెంచాల చక్కెర తిన్నట్టే. మధుమేహం ఉన్నవాళ్ళు బర్ఫీ మీది అక్షరాల కన్నా డాక్టరు మాటే వినాలి. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు కూడా రోజూ తినే ముందు ఒకసారి అడగడం మంచిది.

కొనేటప్పుడు, దాచేటప్పుడు

నొక్కితే కొద్దిగా లొంగేది మంచి అంజీరు. రాయిలా ఉంటే పాతది, పుల్లటి వాసన వస్తే పులిసిపోయింది. తిరుపతి ఎండలకు బయట పెడితే పురుగు పడుతుంది. గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టాలి. తరిగేటప్పుడు కత్తికి నూనె రాస్తే అంటుకోదు, కత్తెరతో ఇంకా తేలిక. వేడినీళ్ళలో అరగంట నానితే చాలు, రాత్రంతా అక్కర్లేదు. నానిన నీళ్ళు పారబోయకండి, తీపి కొంత వాటిలోకి దిగుతుంది. జావలోకో పులుసులోకో వాడుకోండి.

ఈ జోడీలన్నిటిలో మొదట ఏది చేయాలంటే చెనక్కాయ ఉండలే. ఖర్చు తక్కువ, చెడిపోయే భయం తక్కువ, పిల్లల డబ్బాలోకి బాగా ఒదుగుతుంది. ఖరీదైన సరుకును నీళ్ళలో నానబెట్టడానికే కేటాయించకండి. ఈ ఆదివారం నాలుగు అంజీర్లు పొయ్యి దాకా తీసుకెళ్ళండి.